రేడియో ట్రిగ్గర్‌తో ఫ్లాష్ పవర్: పెళ్ళి మండపంలో వెలుగు లెక్కలు

(పెళ్ళి ఫోటోగ్రాఫర్ల వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పెద్దలున్నారు, ఫిల్మ్ రోల్ రోజుల నుంచి పెళ్ళిళ్ళు తీస్తున్న స్టూడియో యజమానులు ఉన్నారు. వెనక కూర్చున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళలో ఎక్కువమంది క్యాండిడ్ తీస్తున్నవాళ్ళు. ఇద్దరికీ పనికొచ్చే ఒక్క విషయం మాట్లాడదామని వచ్చాను. కెమెరా నెత్తిన పెట్టుకునే రేడియో ట్రిగ్గర్ గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, స్టాండు మీద దూరంగా ఉన్న ఫ్లాష్ ఎంత వెలుగు ఇవ్వాలో ఆ ట్రిగ్గర్‌తో మనం నిలబడ్డ చోటి నుంచే నిర్ణయించడం గురించి.

ట్రిగ్గర్ మీ అందరి బ్యాగుల్లోనూ ఉంది. కానీ మండపంలో జరిగేది ఏమిటంటే, ఫోటో కాస్త తెల్లబడగానే అసిస్టెంట్ స్టాండు దగ్గరికి పరిగెడతాడు. ఫ్లాష్ వెనక బటన్లు నొక్కి, "అన్నా, ఇప్పుడు చూడు" అంటాడు. అది మరీ తగ్గిపోతే మళ్ళీ పరుగు. ఈలోగా అక్కడ జీలకర్ర బెల్లం అయిపోతుంది. ముహూర్తం మన కోసం ఆగదు, మళ్ళీ పెట్టమని అడగడానికి లేదు. ట్రిగ్గర్ అంటే ఫ్లాష్‌ని వెలిగించే బటన్ అనుకుంటే దాని పనిలో సగమే వాడుకుంటున్నట్టు. మిగతా సగం పవర్. నన్నడిగితే ఆ రెండో సగం కోసమే దాన్ని కొనాలి.

ఇక్కడి దాకా ఎలా వచ్చామో కొంచెం చెప్తాను. మొదట సింక్ కార్డు ఉండేది. కెమెరా నుంచి లైటు దాకా తీగ. మండపంలో ఎవరో ఒకరి కాలికి తగిలేది. తర్వాత ఆప్టికల్ స్లేవ్ వచ్చింది. ఒక ఫ్లాష్ మెరిస్తే దాన్ని చూసి రెండోది మెరుస్తుంది. స్టూడియోలో బాగా పనిచేసింది. పెళ్ళిలో మాత్రం బంధువుల చేతుల్లోని చిన్న కెమెరాల ఫ్లాష్‌కి కూడా మన లైట్లు వెలిగి, మనం నొక్కే సమయానికి ఛార్జ్ లేకుండా కూర్చునేవి. పెద్ద కంపెనీలు ఇంకో మెట్టు ఎక్కాయి. క్యానన్ 1998లో 550ఈఎక్స్ ఫ్లాష్‌తో, నికాన్ 2003లో ఎస్‌బీ-800తో మొదలుపెట్టిన పద్ధతుల్లో, కెమెరా మీది ఫ్లాష్ చిన్న చిన్న మెరుపులతో దూరపు ఫ్లాష్‌కి పవర్ ఎంతో కూడా చెప్పేది. ఆలోచన గొప్పదే. కానీ మెరుపు కనబడాలి కదా. ఎండలో కనబడదు, స్తంభం అడ్డొస్తే కనబడదు, సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టె) లోపల ఉన్న ఫ్లాష్‌కి అసలే కనబడదు.

రేడియోకి ఆ బాధ లేదు. అయితే మన చేతికి మొదట వచ్చిన చవక రేడియో ట్రిగ్గర్లు, యాంగ్‌నువో ఆర్‌ఎఫ్-602 లాంటివి, ఒక్క మాటే మోసుకెళ్ళేవి: "ఇప్పుడు వెలుగు." ఎంత వెలగాలో చెప్పలేవు. పవర్ సమాచారాన్ని కూడా రేడియోలో పంపిన వాటిల్లో 2009లో పాకెట్‌విజార్డ్ తెచ్చిన మినీటీటీ1, ఫ్లెక్స్‌టీటీ5 బాగా పేరుపడ్డాయి. వాటికి వచ్చిన ఇబ్బంది గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే అది మనకీ పాఠమే. క్యానన్ 580ఈఎక్స్ లాంటి ఫ్లాష్‌లు లోపల ఛార్జ్ అయ్యేటప్పుడు వెలువరించే విద్యుత్ రొద ఆ రేడియో సంకేతాన్ని కమ్మేసేది. చివరికి ఫ్లాష్‌కి తొడగడానికి ఒక కవచం లాంటి తొడుగు కూడా వచ్చింది. 2012లో క్యానన్ 600ఈఎక్స్-ఆర్‌టీతో రేడియోని ఫ్లాష్ లోపలే పెట్టేసింది. 2016లో నికాన్ ఎస్‌బీ-5000 వచ్చింది. ఇక గోడాక్స్ వచ్చి, లోపల రేడియో ఉన్న ఫ్లాష్‌ని మన జిల్లా స్టూడియోలు కూడా కొనగలిగే ధరకి తెచ్చింది. ఈ హాల్లో ఎక్కువమంది దగ్గర ఉన్నది అదే కాబట్టి నా ఉదాహరణలూ దాంట్లోవే. వేరే కంపెనీ వాడేవాళ్ళు బటన్ల పేర్లు మార్చుకుంటే చాలు, లెక్క ఒకటే.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్లాష్ పవర్ 1/1 (ఫుల్ పవర్) నుంచి 1/16కి తగ్గించారు అనుకోండి. లోపల ఏం జరుగుతుంది? చాలామంది బల్బు మందంగా వెలుగుతుందనుకుంటారు. కాదు. మామూలు స్పీడ్‌లైట్‌లో, అంటే కెమెరా మీద పెట్టుకునే చిన్న ఫ్లాష్‌లో, ఛార్జ్ నిల్వ చేసే కెపాసిటర్ ఎప్పుడూ సుమారు 300 వోల్టులతో నిండి ఉంటుంది. ఫుల్ పవర్ అయినా, 1/16 అయినా అదే వోల్టేజీతో ట్యూబ్ వెలగడం మొదలవుతుంది. కావలసినంత వెలుగు రాగానే ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ టక్కున కట్ చేస్తుంది. కుళాయి ఎంత తిప్పాం అన్నది కాదు, ఎంతసేపు తెరిచి ఉంచాం అన్నదే ఇక్కడ లెక్క. అంటే మీరు ట్రిగ్గర్ మీద డయల్ తిప్పుతున్నప్పుడు నిజంగా మారుస్తున్నది ఫ్లాష్ వెలిగే సమయాన్ని.

ఇది పుస్తక జ్ఞానం అని వదిలేయకండి. తలంబ్రాల ఫోటో అంతా దీని మీదే ఆధారపడి ఉంది. అర మీటరు ఎత్తు నుంచి పడిన బియ్యపు గింజ సెకనుకు సుమారు 3 మీటర్ల వేగం అందుకుంటుంది. 1/250 సెకనులో అది 12 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే గింజ కాదు, గీత పడుతుంది. గోడాక్స్ వీ860 రెండో తరం ఫ్లాష్‌కి కంపెనీ ఇచ్చిన లెక్క చూస్తే, వెలిగే సమయం ఫుల్ పవర్‌లో 1/300 సెకను, అతి తక్కువ పవర్‌లో 1/20000 సెకను. ఫుల్ పవర్‌లో కొడితే షట్టర్‌తో తీసినట్టే, గింజ సాగిపోతుంది. పవర్ తగ్గించి, వెలుగు సమయాన్ని 1/5000 దగ్గరికి తెచ్చారనుకోండి, గింజ అర మిల్లీమీటరు చిల్లర మాత్రమే కదులుతుంది. పసుపు అంటిన ప్రతి గింజా గాల్లో విడివిడిగా నిలబడుతుంది. కాబట్టి తలంబ్రాలకి ముందు నేను చేసేది ఒకటే. ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె, రెండు స్టాపులు పెంచి, అన్ని ఫ్లాష్‌లనీ రెండు స్టాపులు కిందికి దించుతాను. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం, లేదా సగం కావడం. ఫోటోలో ఫ్లాష్ వెలుగు అంతే ఉంటుంది, గింజలు మాత్రం పదునుగా వస్తాయి. ఐఎస్ఓ పెరిగితే హాలు వెలుగు కూడా పెరుగుతుంది కదా, అది ఫ్లాష్ కన్నా కనీసం రెండు మూడు స్టాపులు తక్కువ ఉండేలా షట్టర్‌ని సింక్ స్పీడ్ (మామూలుగా ఫ్లాష్‌తో వాడగలిగే గరిష్ట షట్టర్ వేగం) దాకా తీసుకెళ్ళాలి. లేకపోతే హాలు లైట్లకి గింజ వెనక మసక తోక పడుతుంది.

ఒక జాగ్రత్త. పాత స్టూడియో లైట్లు కొన్ని ఈ పద్ధతిలో పనిచేయవు. వాటిలో పవర్ తగ్గించడమంటే కెపాసిటర్‌ని తక్కువ వోల్టేజీకి నింపడం. అక్కడ పవర్ తగ్గిస్తే వెలిగే సమయం తగ్గదు సరికదా, పెరుగుతుంది. పైగా పవర్ దించిన వెంటనే లోపల మిగిలిన ఛార్జ్ ఖాళీ అవ్వాలి. అలా తనంతట తాను ఖాళీ చేసుకునే ఏర్పాటు లేని లైటయితే మొదటి షాట్ పాత పవర్‌తోనే పడుతుంది. అందుకే వాటికి టెస్ట్ బటన్ ఒకసారి నొక్కమంటారు.

లెక్క మాటకొద్దాం. 1/1, 1/2, 1/4, 1/8, 1/16, 1/32, 1/64, 1/128. ఒక్కో మెట్టు ఒక స్టాపు. పైనుంచి కింది దాకా ఏడు స్టాపులు. మధ్యలో ఉండే 0.3, 0.7 అనేవి స్టాపులో మూడో వంతు, మూడింట రెండు వంతులు. డయల్ మూడు క్లిక్కులు తిరిగితే ఒక స్టాపు. ఇది నోటికి రావాలి. ఎందుకంటే ఎఫ్/4లో జంటని తీస్తున్నారు, అమ్మమ్మలు, మేనత్తలు, పిల్లలు అందరూ వచ్చి రెండు వరుసలుగా నిలబడ్డారు, ఎఫ్/5.6కి వెళ్ళాలి. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఒక స్టాపు మూశారు, ఫ్లాష్ ఒక స్టాపు పెరగాలి. 1/16లో ఉన్నది 1/8. అంతే. చూసి, ఆలోచించి, టెస్ట్ షాట్ తీసి చేసే పని కాదది, వేలు దానంతట అది తిప్పేయాలి.

దూరానిది ఇంకో లెక్క. లైటు 3 మీటర్ల దూరంలో 1/8తో సరిపోయింది. మండపం అలంకరణ వాళ్ళు వచ్చి, స్టాండు అడ్డమని 6 మీటర్లకి జరిపించారు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది, అంటే రెండు స్టాపులు పోయాయి. 1/8 నుంచి 1/2కి వెళ్ళాలి. 1/2 దగ్గర ఒక్కో షాట్‌కీ ఛార్జ్ అవ్వడానికి సమయం పడుతుంది, గబగబా పది షాట్లు కొట్టలేరు. అందుకే స్టాండు జరిపేటప్పుడే ఈ లెక్క గుర్తు రావాలి. వీలైతే ఐఎస్ఓతో ఒక స్టాపు తెచ్చుకుని, ఫ్లాష్‌ని ఒక స్టాపే పెంచండి. ఐఎస్ఓ 100లో ఫుల్ పవర్ అడిగే ఫోటోకి ఐఎస్ఓ 1600లో 1/16 చాలు. ఇవాళ్టి కెమెరాల్లో 1600 అంటే భయపడాల్సిన అంకె కాదు. ఫుల్ పవర్‌లో వరుసగా కొడితే ఫ్లాష్ వేడెక్కి, తనని తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. అది సరిగ్గా మంగళసూత్రధారణ దగ్గరే జరుగుతుంది, మీ అందరికీ తెలుసు.

ఇప్పుడు గ్రూపులు. ట్రిగ్గర్ మీద ఏ, బీ, సీ అని ఉంటాయి. మండపంలో నా అమరిక చెప్తాను, ఇదే సరైనదని కాదు, మీ హాలుని బట్టి మార్చుకోండి. ఏ గ్రూపు ముఖాల మీద పడే ప్రధానమైన లైటు, దాన్నే కీ లైటు అంటాం. కెమెరాకి ఒక పక్కన, పురోహితుడి తల మీదుగా పడేంత ఎత్తులో, గొడుగు గానీ సాఫ్ట్‌బాక్స్ గానీ వేసి. బీ గ్రూపు మండపం వెనక మూల నుంచి, జుట్టు మీద, పూలజడ మీద, పట్టుచీర జరీ అంచు మీద గీతలా పడే వెలుగు. సీ గ్రూపు వెనక అలంకరణకో, తెల్లటి సీలింగ్ ఉంటే దానికో.

పెట్టే క్రమం చాలా ముఖ్యం. మొదట గ్రూపులన్నీ ఆపేయండి. హాలు వెలుగుతో మాత్రమే ఒక ఫోటో తీయండి. హాలు ఎంత కనబడాలో షట్టర్‌తో నిర్ణయించండి. అలంకరణ దీపాలు అందంగా కనబడుతూ, ముఖాలు మాత్రం రెండు స్టాపులు చీకటిగా ఉంటే సరి. వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంటే షట్టర్ మరీ పెంచొద్దు, పట్టీలు పట్టీలుగా పడుతుంది. 1/100, 1/125 దగ్గర మొదలుపెట్టి చూడండి. ఆ తర్వాత ఏ ఒక్కటే ఆన్ చేయండి. ముఖాలు సరిపోయే దాకా డయల్ తిప్పండి. తర్వాత దాన్ని ఆపేసి, బీ ఒక్కటే. అది ఎంత పడుతోందో, ఎక్కడ పడుతోందో విడిగా చూడండి. ఆ తర్వాతే రెండూ కలపండి. మూడూ ఒకేసారి వెలిగించి, ఏది ఎక్కువైందో తెలియక అన్నీ మార్చుకుంటూ పోతే ఎప్పటికీ తేలదు. గ్రూపుని ఆన్, ఆఫ్ చేసే సదుపాయం ట్రిగ్గర్‌లో ఉన్నది ఇందుకే. స్టాండ్ల దగ్గరికి నడవకుండా ఈ మొత్తం పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఇంకో మాట. అన్ని గ్రూపుల పవర్‌నీ ఒకేసారి పెంచే, తగ్గించే వీలు కూడా చాలా ట్రిగ్గర్లలో ఉంది. 2017లో వచ్చిన గోడాక్స్ ఎక్స్‌ప్రోలో కూడా ఉంది. సంగీత్‌లో ఉన్నట్టుండి హాలు లైట్లు ఆర్పేశారు, ఐఎస్ఓ ఒక స్టాపు పెంచారు. అన్ని గ్రూపుల్నీ కలిపి ఒక స్టాపు దించితే ఏకీ బీకీ మధ్య మీరు కష్టపడి కుదిర్చిన తేడా అలాగే ఉంటుంది. హాలు లైట్లకి రంగు కలవడానికి ఫ్లాష్‌కి నారింజ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) వేస్తే సుమారు స్టాపులో మూడింట రెండు వంతుల వెలుగు పోతుంది. అదీ రెండు క్లిక్కులే.

(సభలో ఒకరు అడిగారు: "సార్, ఇదంతా మాన్యువల్ కదా. టీటీఎల్ పెట్టుకుంటే కెమెరానే చూసుకుంటుంది కదా?")

మంచి ప్రశ్న. టీటీఎల్ ఏం చేస్తుందో చూద్దాం. షట్టర్ తెరుచుకునే ముందు ఫ్లాష్ ఒక చిన్న మెరుపు మెరుస్తుంది. అది ఎదుటి వస్తువుల మీద పడి తిరిగి వచ్చింది ఎంతో కెమెరా లెన్స్ గుండా కొలిచి, అసలు ఫ్లాష్ ఎంత ఉండాలో రేడియోలో చెప్తుంది. ఇదంతా కనురెప్ప పాటులో. పరిగెత్తే పిల్లల్ని తీయడానికి, ఎదురుకోలులో వాళ్ళతో పాటు నడుస్తూ తీయడానికి బాగుంటుంది, ఎందుకంటే అక్కడ దూరం మాటిమాటికీ మారుతుంది. కానీ తిరిగి వచ్చిన వెలుగుని కెమెరా కొలుస్తోంది అన్న మాట మర్చిపోవద్దు. జీలకర్ర బెల్లానికి ముందు వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుంటారు. తెల్లటి బట్ట. ఫ్రేములో మూడో వంతు అదే ఉంటుంది. కెమెరా "అబ్బో, చాలా వెలుగు" అనుకుని ఫ్లాష్ తగ్గించేస్తుంది. ముఖాలు చీకటి. తెర దించగానే వెనక ముదురు రంగు అలంకరణ వస్తుంది, ఇప్పుడు ఫ్లాష్ పెంచేస్తుంది. ముఖాలు తెల్లగా పాలిపోతాయి. లైటు జరగలేదు, మనుషులు జరగలేదు, ముఖాల మీద పడాల్సిన వెలుగు మారాల్సిన అవసరమే లేదు. అయినా నాలుగు ఫోటోలు నాలుగు రకాలుగా వచ్చాయి. కూర్చున్న జంట, కదలని లైటు ఉన్న చోట మాన్యువల్ కన్నా నమ్మకమైనది లేదు. రిసెప్షన్ స్టేజీ కూడా అంతే. గంటల తరబడి అదే దూరం, అదే లైటు. ఒకసారి కుదిర్చితే వెయ్యి ఫోటోలూ ఒకేలా వస్తాయి, ఆల్బమ్ చేసేవాడు దండం పెడతాడు.

రెండింటినీ కలుపుకునే దారి కూడా ఉంది. ఎక్స్‌ప్రోలో టీసీఎం అనే బటన్ ఉంటుంది. టీటీఎల్‌లో ఒక ఫోటో తీసి, బాగుంటే అది నొక్కండి. కెమెరా లెక్కగట్టిన పవర్ మాన్యువల్ అంకెగా మారి ట్రిగ్గర్ మీద కనబడుతుంది. అక్కడి నుంచి మీరు క్లిక్కులతో సరిచేసుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళకి ఇది నేర్చుకునే మంచి మార్గం. మీ కళ్ళు "1/16 ఉండొచ్చు" అని ముందు అనుకోవాలి, తర్వాత కెమెరా ఏమందో చూడాలి. కొన్నాళ్ళకి మీ అంచనా దగ్గరపడుతుంది.

(మరొకరు: "బయట మధ్యాహ్నం పెళ్ళిళ్ళు, ప్రీ-వెడ్డింగ్‌లు తీసేటప్పుడు?")

అక్కడ సమస్య సింక్ స్పీడ్. మన కెమెరాల్లో ఎక్కువ వాటికి అది 1/200, 1/250. దాన్ని దాటితే సెన్సార్ మొత్తం ఒక్కసారిగా తెరుచుకుని ఉండే క్షణమే ఉండదు. షట్టర్‌లో ఉండే రెండు కర్టెన్లలో, అంటే తెరల్లో, మొదటిది చివరికి చేరేలోపే రెండోది బయల్దేరుతుంది. ఫ్లాష్ మెరిసినప్పుడు మూసుకుని ఉన్న భాగం నల్లటి పట్టీగా వస్తుంది. చవక ట్రిగ్గర్ సంకేతం కాస్త ఆలస్యమైనా ఇదే జరుగుతుంది, అప్పుడు 1/160కి దిగితే పోతుంది. హెచ్‌ఎస్‌ఎస్, అంటే హై స్పీడ్ సింక్, పెడితే ఫ్లాష్ ఒక్క మెరుపు బదులు అతి వేగంగా వరుస మెరుపులు కొడుతూ, కర్టెన్ చీలిక సెన్సార్ మీద ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళేదాకా వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు 1/2000లో కూడా తీయొచ్చు. కానీ దానికి ధర పవరే. రెండు స్టాపులకి తక్కువ కాకుండా పోతుంది. విశాఖ బీచ్‌లో మిట్టమధ్యాహ్నం చిన్న స్పీడ్‌లైట్ సాఫ్ట్‌బాక్స్‌లో పెట్టి హెచ్‌ఎస్‌ఎస్ అంటే ఫుల్ పవర్‌లో కూడా ముఖం మీద ఏమీ కనబడదు. రెండు దారులు. లైటు ఫ్రేము అంచు దాకా దగ్గరికి తెచ్చుకోండి, లేదా లెన్స్‌కి ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లటి అద్దం) వేసుకుని సింక్ స్పీడ్ లోపలే ఉండండి. 200 వాట్ సెకన్ల గోడాక్స్ ఏడీ200 ఫ్లాష్ లాంటిది ఉంటే కొంత ఊపిరి ఆడుతుంది. అన్నిటికన్నా మంచిది, సాయంత్రం ఐదు తర్వాత రమ్మని జంటకి చెప్పడం.

ఇక రేడియో మొండికేసే సందర్భాలు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మన తెలుగు పెళ్ళిళ్ళలో దీనికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది.

పెళ్ళికూతురి తరఫు వాళ్ళు ఒక టీమ్‌ని పెట్టుకుంటారు. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు ఇంకో టీమ్‌ని తెస్తారు. ఒక్కో టీమ్‌లో ట్రెడిషనల్ ఒకరు, క్యాండిడ్ ఒకరు. ఒకే మండపం ముందు నాలుగు కెమెరాలు, నాలుగు ట్రిగ్గర్లు. అందులో మూడు ఒకే కంపెనీవి కావచ్చు. డబ్బా విప్పినప్పుడు ఉన్న ఛానెల్‌లోనే చాలామంది వదిలేస్తారు. అప్పుడు అవతలి అన్న షట్టర్ నొక్కితే మీ లైటు వెలుగుతుంది. పవర్ సమాచారం కూడా రేడియోలోనే వెళ్తుంది కాబట్టి, అతని ఏ గ్రూపు 1/2 అని ఉంటే మీ ఏ గ్రూపు కూడా 1/2కి ఎగిరి కూర్చుంటుంది. మీరు ముహూర్తానికి కుదిర్చిన 1/16 పోయింది, మీకు తెలియదు, ఫోటో తెల్లబడితే మీ ఫ్లాష్ పాడైందనుకుంటారు. ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం, మాటా మాటా పెరగడం, అన్నీ పెళ్ళివారి ముందే.

మందు చాలా తేలిక. గోడాక్స్‌లో 32 ఛానెళ్ళు ఉన్నాయి. వాటికి తోడు 1 నుంచి 99 దాకా ఐడీ అనేది పెట్టుకోవచ్చు. ట్రిగ్గర్‌లో, ఫ్లాష్‌లో ఛానెల్, ఐడీ రెండూ కలిస్తేనే అది వెలుగుతుంది. ఐడీ ఆఫ్‌లో వదలకండి. అన్నిటికన్నా ముందు, మండపానికి వెళ్ళగానే అవతలి టీమ్ దగ్గరికి వెళ్ళి, "అన్నా, నేను 14లో ఉన్నాను, మీరు ఎందులో ఉన్నారు?" అని అడగండి. రెండు నిమిషాల మాట. పరిచయం కూడా అవుతుంది. మీరు కీ లైటు ఎక్కడ పెట్టారో అతనికి తెలిస్తే దానికి అడ్డంగా నిలబడడు. పోటీ కోటేషన్ల దగ్గర ఉంటుంది, మండపంలో ఉండకూడదు. నేను దీన్ని గట్టిగా నమ్ముతాను.

రెండో కారణం, ఈ ట్రిగ్గర్లు వాడేది 2.4 గిగాహెర్ట్జ్. హాలు వైఫై, అతిథుల బ్లూటూత్, వీడియో వాళ్ళ చిన్న వైర్‌లెస్ మైకులు, స్క్రీన్‌కి లైవ్ పంపే పెట్టెలు, డ్రోన్ కంట్రోలర్, అన్నిటిలో చాలా వరకు అదే బ్యాండ్. హాలు ఖాళీగా ఉన్నప్పుడు పెట్టిన టెస్ట్ జనం వచ్చాక చెల్లదు. అందుకు ఇంకో కారణం కూడా ఉంది. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరు, ఈ తరంగాలని నీరు బాగా పీల్చేస్తుంది. మీకూ ఫ్లాష్‌కీ మధ్య యాభై మంది నిలబడితే సంకేతం బలహీనపడుతుంది. ఫ్లాష్‌ని జనం తలల పైకి ఎత్తండి. ఇనప ట్రస్సులకి, ఎల్‌ఈడీ వాల్ వెనక ఫ్రేములకి ఆనించి పెట్టకండి. ఖాళీ ఛానెల్ వెతికే స్కాన్ ఉన్న మోడల్ అయితే జనం వచ్చాక ఒకసారి చేయండి.

ఇంకో వింత, దగ్గరగా ఉంటే పనిచేయకపోవడం. ట్రిగ్గర్ సెట్టింగుల్లో 1-100 మీటర్లు, 0-30 మీటర్లు అని దూరం ఎంచుకునే చోటు ఉంటుంది. ఫ్లాష్‌ని చేతిలో పట్టుకుని పక్కనే ఉన్నప్పుడు పెద్ద దూరం సెట్టింగులో సంకేతం మరీ బలంగా తగిలి తప్పిపోవచ్చు. 0-30కి మార్చండి. మన హాళ్ళకి అది చాలు.

మిర్రర్‌లెస్ వాడే వాళ్ళకి రెండు చిన్న మాటలు. సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే చాలా కెమెరాల్లో ఫ్లాష్ అసలు వెలగదు. మాన్యువల్ ఎక్స్‌పోజర్‌లో వ్యూఫైండర్ నల్లగా ఉంటే ఎక్స్‌పోజర్ ప్రివ్యూ ఆపేయండి.

(ఒక చెల్లెలు అడిగింది: "పాత ఫ్లాష్‌లు ఇంట్లో ఉన్నాయి. వాటికి రిసీవర్ కొంటే పవర్ కంట్రోల్ వస్తుందా?")

ఎక్కువ వాటికి రాదమ్మా. ఫ్లాష్ అడుగున మధ్యలో ఉండే పెద్ద పిన్ను వెలిగించడానికి మాత్రమే. పవర్, టీటీఎల్ మాటలు మోసేవి పక్కనున్న చిన్న పిన్నులు. ఆ పిన్నుల అమరిక, భాష ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. క్యానన్ ట్రిగ్గర్ నికాన్ కెమెరా మీద పెడితే వెలగొచ్చేమో, మాట్లాడదు. ఒక్క పిన్నే ఉన్న పాత ఫ్లాష్‌కి దగ్గరికి వెళ్ళి చేత్తో మార్చడమే దారి. ఇంకా పాతవి, ఫిల్మ్ కాలం నాటివి అయితే జాగ్రత్త. కొన్నిటిలో ఆ మధ్య పిన్ను దగ్గరే 200 వోల్టులకి పైగా ఉంటుంది, నేరుగా డిజిటల్ కెమెరా మీద పెడితే కెమెరా పాడవుతుంది. పాత ఫ్లాష్‌ని వెనక అలంకరణ వెలిగించడానికి వాడుకోవచ్చు, ఆ వెలుగు ఒకసారి పెట్టాక మార్చే పని తక్కువ. డబ్బులు పెట్టేటప్పుడు మాత్రం ముందు ముఖాల మీద పడే కీ లైటుకి పెట్టు. లోపల రేడియో ఉన్నది, నీ ట్రిగ్గర్ మాట వినేది కొనుక్కో. నీ కెమెరా క్యానన్ అయితే ట్రిగ్గర్ కూడా క్యానన్ కెమెరా కోసం చేసిన మోడలే కావాలి. గోడాక్స్ ఫ్లాష్‌లు చాలా వాటిని స్టాండు మీద పెట్టినప్పుడు ఏ కెమెరా కోసం చేసిన గోడాక్స్ ట్రిగ్గర్ మాటైనా వింటాయి కాబట్టి, రేపు నువ్వు సోనీకి మారినా ట్రిగ్గర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది.

చివరిగా పెద్దవాళ్ళ గురించి. పవర్ మన చేతిలో ఉందంటే బాధ్యత కూడా ఉంది. పురోహితులు మంత్రం చదువుతున్నారు, హోమం పొగకి ఇప్పటికే కళ్ళు మండుతున్నాయి, మన ఫ్లాష్ గంటసేపు ఆయన కళ్ళల్లోకే. ఐఎస్ఓ పెంచి పవర్ దించడం ఆయనకీ ఉపశమనమే. మెరుపు చిన్నదైతే వధూవరులు కూడా మన ఉనికి మర్చిపోతారు, ముఖాలు సహజంగా ఉంటాయి. స్టాండ్ల కాళ్ళకి ఇసుక సంచులు కట్టండి. మండపం చుట్టూ చిన్నపిల్లలు పరిగెడుతూనే ఉంటారు.

మాటలు చాలు. వేదిక మీద మూడు లైట్లు పెట్టించాను. ఏ గ్రూపు ఎడమ పక్క గొడుగులో, బీ వెనక కుడి మూలలో, సీ తెర మీదికి. ఛానెల్ 14, ఐడీ 7. ముందు క్యానన్ వాళ్ళు రండి, తర్వాత నికాన్, సోనీ. గ్రూపులన్నీ ఆపేసి ఉన్నాయి. హాలు వెలుగుతో మొదటి ఫోటో తీసి, ఏ ఆన్ చేసే ముందు ఎంత పవర్ పెడుతున్నారో నాకు గట్టిగా చెప్పండి.